ప్రకటించింది, జరిగింది

నాలుగు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. అయిదింటికి ప్రూఫులమ్మను స్టేషన్‌కు తీసుకుపోతానని ఇన్‌స్పెక్టరు పొద్దుటినుంచి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ పిన్ని చెవిన పడేలాగే చెప్పాడు.

"గంటా పది నిమిషాలు పిన్నిగారూ. ఈలోపు ఈ పుస్తకాలన్నీ చదువుతారో, దులుపుతారో మీ ఇష్టం."

"దులపడం నిన్న మీవాళ్ళే చేసేసినట్టున్నారు నాయనా. నాకు వేలిముద్ర కూడా మిగల్చలేదు," అంది పిన్ని, కళ్ళజోడు ముక్కుమీదికి లాక్కుంటూ.

ఊరందరికీ ఆవిడ పిన్నే. పోయిన మనుషుల్ని, పోయిన కాగితాల్ని వెతికిపెట్టడం ఆవిడ వృత్తి. చదువు నలభై దాటాక నేర్చుకుంది. అందుకని ఇప్పటికీ అక్షరం కింద వేలు పెట్టుకునే చదువుతుంది. ఒక పేజీకి పావుగంట పడుతుంది. ఇన్‌స్పెక్టరుకు అది చూస్తే ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది.

గది పొడుగ్గా ఉంది. నాలుగు గోడలకూ పుస్తకాలే, అన్నీ టెలివిజన్ గురించే. ఏ ఏడు ఏ కేంద్రం మొదలైంది, ఏ సీరియల్ ఎన్ని వారాలు నడిచింది, ఏ సెట్టు ఏ కంపెనీ చేసింది, ఎవరు నటించారు, ఎవరు వార్తలు చదివారు, అన్నీ వాటిలో ఉన్నాయి. ఈ గదిలో కూర్చునే పెద్దాయన ముప్ఫై ఏళ్ళుగా 'టెలివిజన్ చరిత్ర కోశం' కూరుస్తున్నాడు. నాలుగో ముద్రణ ఈ వారం అచ్చుకు పోవాలి. నిన్న పొద్దున పదకొండూ ఇరవైకి పెద్దాయన ఈ నేలమీదే, ఒరిగిపోయిన చక్రాల నిచ్చెన పక్కన, తల వెనక దెబ్బతో పడి ఉన్నాడు. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఊపిరి ఉంది, స్పృహ లేదు.

ఆయన్ను అలా చూసి ఆస్పత్రికి ఫోన్ చేసింది ప్రూఫులమ్మ. ముప్ఫై ఏళ్ళనుంచి ఆయన పుస్తకానికి ప్రూఫులు దిద్దుతున్న మనిషి. పోలీసులు పట్టుకున్నదీ ఆవిడనే.

"నాన్నను పడేసింది ఆవిడ కాదు పిన్నీ, నా ప్రాణం మీద ఒట్టు," అని పెద్దాయన కూతురు ఆస్పత్రి వరండాలోంచి ఫోన్ చేసి ఏడ్చింది. పిన్ని వచ్చింది అందుకే.

"నిచ్చెన సంగతి ముందు చెప్పు తల్లీ," అంది పిన్ని. "ఆయన ఎక్కుతాడా?"

ప్రూఫులమ్మ కిటికీ పక్క కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది. అరవైకి దగ్గర పడిన మనిషి. కుడిచేతి చూపుడువేలికి ఎర్రసిరా మరక పుట్టుమచ్చలా ఉండిపోయింది.

"ఆరేళ్ళయింది ఎక్కి. కళ్ళు తిరుగుతాయి. పైనున్నవి నేనే దించుతాను."

"అదే నేననేది!" ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. "ఎక్కని మనిషి నిచ్చెన మీంచి ఎలా పడతాడు? ఎవరో తోసి, ఆనక నిచ్చెన పడేశారు. వీధి తలుపు మూస్తే దానంతటదే తాళం పడుతుంది. తాళంచెవులు రెండే. ఒకటి ఆయన జేబులో, ఒకటి ఈవిడ సంచిలో. ఇక లెక్క చూడండి. పది యాభైకి ఈవిడ పక్కవీధి ప్రెస్సుకు వెళ్ళింది. పదకొండూ పదికి బయల్దేరిందని ఫోర్‌మన్ చెప్పాడు. రెండు నిమిషాల నడక. ఫోన్ చేసింది పదకొండూ ఇరవైకి. మధ్యలో ఎనిమిది నిమిషాలు ఏం చేసిందండీ?"

"సందు మలుపులో గుడి మెట్ల మీద కూర్చున్నాను," అంది ప్రూఫులమ్మ.

"మెట్ల మీద! వింటున్నారా పిన్నిగారూ? మెట్లు లెక్కపెట్టిందేమో. మొన్న ఇద్దరూ గట్టిగా అరుచుకున్నారు. 'ఆ పేరు వేశారంటే రేపట్నించి నేను రాను' అని ఈవిడ అన్నమాట ఫోర్‌మన్ విన్నాడు. ఏ పేరని నిన్నట్నించి అడుగుతున్నాను. నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని కూర్చుంది."

"ఎవరి పేరమ్మా?" అని పిన్ని అడిగింది.

"ఆయన లేచాక ఆయన్నే అడగండి."

"ఆయన లేవకపోతే?"

ప్రూఫులమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్ని తలుపు దగ్గరికి వెళ్ళి గడియ తీసింది, వేసింది, మళ్ళీ తీసింది.

"తాళంచెవి బయటనుంచి వచ్చేవాళ్ళకి కదా నాయనా. లోపలున్నవాడే లేచి తలుపు తీస్తే ఇంక చెవితో పనేముంది?"

"తీయడానికి ఎవరొచ్చారు? చూపించండి!"

"చూపిస్తాను. ముందు చదవనీ."

బల్లమీద మూడు లావుపాటి పుస్తకాలు తెరిచి ఉన్నాయి. ఒకటి పెద్దాయన కోశం, మూడో ముద్రణ. రెండోది టీవీ కేంద్రం వార్షిక గ్రంథం. మూడోది సెట్లు తయారుచేసే కంపెనీ ఒకటి వేయించిన చరిత్ర. మూడూ ఒకే తేదీ దగ్గర తెరిచి ఉన్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందటి వరద సాయంత్రం అది. పిన్ని కుర్చీ లాక్కుని వేలు పెట్టింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుని నిట్టూర్చాడు.

ఆ కథ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఏటికి గండిపడింది. టీవీ కేంద్రంలో బొమ్మ పోయింది, ధ్వని మిగిలింది. తెరమీద కేంద్రం గుర్తు ఒక్కటే కదలకుండా ఉంటే, ఒక ఆడగొంతు సాయంత్రం ఏడునుంచి పదకొండుదాకా ఏ వీధిలోకి నీళ్ళొస్తున్నాయో, ఎటు వెళ్ళాలో చెబుతూనే ఉంది. వేలమంది ఆ మాట పట్టుకుని మిద్దెలెక్కి బతికారు. చదివిన ఆవిడకు ఆ రోజునుంచీ 'తొలిగొంతు' అనే పేరు పడింది. వచ్చేవారం తెరవబోయే టెలివిజన్ ప్రదర్శనశాలకు ఆవిడ పేరే పెడుతున్నారు.

పావుగంట తర్వాత పిన్ని వేలు ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"ప్రూఫులమ్మా, ఇక్కడ ఏడునుంచి పదకొండుదాకా ఆగకుండా వరద వార్తలని ఉంది. చివర పట్టికలో అదే రోజు ఏడున్నరకి తోటపని, ఎనిమిదికి హాస్య నాటిక అని ఉంది. వీధుల్లో మనుషులు కొట్టుకుపోతుంటే వీళ్ళు గులాబీ కొమ్మలు కత్తిరించడం చూపించారా?"

ప్రూఫులమ్మ ముఖంలో నిన్నటినుంచి లేని నవ్వు ఒకటి వచ్చి పోయింది. "ముప్ఫై ఏళ్ళలో అది అడిగింది మీరొక్కరే."

"మిగతా రెండు పుస్తకాల్లోనూ అదే తోటపని, అదే నాటిక."

"పట్టికలన్నీ వారం వారం వచ్చే కార్యక్రమాల పత్రికనుంచి దింపుకుంటారండీ. అందరూ అంతే. అది పది రోజుల ముందే అచ్చవుతుంది."

"అంటే అవుతుందనుకున్నది రాశారు. అయింది కాదు." పిన్ని కళ్ళజోడు తీసింది. "మరి చదివినావిడ పేరు?"

"అదీ ఆ పత్రికలోదే. ఆ సాయంత్రం వార్తలు ఎవరి వంతో ఆ పేరు వేశారు."

"మూడు పుస్తకాలు సాక్ష్యం చెబుతున్నాయనుకున్నాను. ఒకటే కాగితం మూడు గొంతులతో మాట్లాడుతోందన్నమాట. ఈ తప్పు దిద్దేటప్పుడు నీకు కనపడలేదా?"

"కనపడింది. ప్రూఫు దిద్దేవాళ్ళు రాతప్రతిలో ఉన్నట్టు అచ్చులో ఉందా అని చూస్తారు. లోకంలో జరిగినట్టు ఉందా అని చూడరు. అది మా పని కాదు."

"అసలు జరిగింది ఎక్కడుంటుంది?"

"కేంద్రంలో డ్యూటీ ఇంజనీరు రాసే రిజిస్టర్లలో. కేంద్రం కొత్త భవనానికి మారినప్పుడు పాతవి పారేస్తుంటే ఈయన బండి కట్టించి తెచ్చుకున్నారు."

ఆవిడ చూపు వెళ్ళినచోటికి పిన్ని చూపు వెళ్ళింది. మోకాలెత్తు అరలో అట్టలు చిరిగిన రిజిస్టర్లు ఏళ్ళవారీగా వరసగా ఉన్నాయి. మధ్యలో నాలుగు వేళ్ళ ఖాళీ ఉంది. అటూ ఇటూ దుమ్ము, ఖాళీలో లేదు. అది వరద ఏడు ఉండాల్సిన చోటు.

"చూశావా నాయనా? కావలసింది మోకాలి దగ్గరుంటే నిచ్చెన ఎవరికి కావాలి? నిచ్చెన పడేసినవాళ్ళకి ఆయన దాన్ని ఎక్కడం మానేశాడని తెలియదు. ప్రూఫులమ్మకి తెలుసు. ఈవిడే చేసుంటే నిచ్చెన జోలికి పోయేది కాదు."

ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు. "తెలిసినవాళ్ళే తెలియనట్టు నటిస్తారు. నా సర్వీసులో ఎంతమందిని చూశాను! ఒక ఖాళీ అరా, ఒక గులాబీ కొమ్మా పట్టుకుని కోర్టుకు పోదామంటారా?"

అప్పుడే వీధి తలుపు తట్టారు. పిన్ని గడియ తీసింది. గుమ్మంలో తెల్లజుట్టు చక్కగా దువ్వుకుని, చేతికర్ర ఆనించుకుని తొలిగొంతు నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టరు బెల్టు సర్దుకుని కుర్చీ దుమ్ము తనే చేత్తో తుడిచాడు.

"రండి మేడమ్, రండి. మీరెందుకు శ్రమపడ్డారు?"

"పెద్దాయన నాకు అన్నలాంటివాడు బాబూ. ఎలా ఉంటాను ఇంట్లో?" ఆవిడ గొంతు ఇప్పటికీ నిండుగా, నూనె పూసినట్టు నున్నగా ఉంది. ప్రూఫులమ్మ వైపు మాత్రం చూడలేదు. "ఏమైనా తేలిందా?"

"తేలుతోందమ్మా," అంది పిన్ని. "కూర్చోండి. నిన్న పదకొండింటికి మీరు టీవీలో బాగా మాట్లాడారట. నేను చూళ్ళేదు."

"ఊరంతా చూసింది పిన్నిగారూ!" ఇన్‌స్పెక్టరు గొంతులో హెచ్చరిక ఉంది. "పదకొండునుంచి పదకొండున్నర. లైవ్. మా ఇంట్లో కూడా చూశారు. మీ ప్రశ్నలు ఎటు వెళ్తున్నాయో నాకు అర్థమవుతోంది. అటు వెళ్ళకండి."

పిన్ని అటే వెళ్ళింది. మూలనున్న టీవీ దగ్గర చిన్న బల్ల ఉంది, దానిమీద ఒక నోటుబుక్కు ఉంది. పెద్దాయన పనిచేస్తున్నంతసేపూ టీవీ ధ్వని లేకుండా నడుస్తూ ఉండేది. కార్యక్రమం మారినప్పుడల్లా ఆయన అందులో ఒక వరస రాసేవాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని నిన్ననే చూశాడు. చివరి వరస పదకొండూ ఏడుకు రాసి ఉంది కాబట్టి అప్పటికి ఆయన క్షేమంగా ఉన్నాడని మాత్రం తీసుకున్నాడు.

పిన్ని మొదటి పేజీనుంచి వేలు పెట్టింది.

"అయ్యబాబోయ్," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆఖరి పేజీ చూడండి, చాలు."

"నువ్వు ఆఖరిదే చూశావు కనుకనే తప్పిపోయింది. ఇదిగో, ప్రతి వరసకీ నాలుగు గళ్ళు. సమయం, కార్యక్రమం, 'ప్రకటించింది', 'జరిగింది'. మొదటి మూడూ పెన్సిలు. నాలుగోది నీలం సిరా. ఎందుకమ్మా?"

"చూస్తూ చూస్తూ మూడు గళ్ళు పెన్సిలుతో రాస్తారు," అంది ప్రూఫులమ్మ. "సాయంత్రం ఆరింటికి కేంద్రం డ్యూటీ గదికి ఫోన్ చేసి, నిజంగా ఏం వేశారో అడిగి నాలుగోది సిరాతో నింపుతారు. తెరను చూసి ఏదీ నమ్మరు ఆయన."

"నిన్న ఆరింటికి ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. అందుకే నిన్నటి వరసలన్నిటికీ నాలుగో గడి ఖాళీ. ఒక్కదానికి తప్ప." పిన్ని నోటుబుక్కు ఇన్‌స్పెక్టరు ముందు పెట్టి వేలు ఆనించింది. "చదువు నాయనా. నాకంటే తొందరగా చదువుతావు."

ఇన్‌స్పెక్టరు చదివాడు. "పదకొండు. మాటామంతీ, తొలిగొంతుతో. ప్రకటించింది, లైవ్. జరిగింది..." ఆగాడు. "జరిగింది, రికార్డింగు. పదకొండూ ఏడు."

"సిరాయా, పెన్సిలా?"

"పెన్సిలు."

"ఫోన్ చేసి అడిగాడేమో?"

"పది తర్వాత ఈ ఫోన్లోంచి పోయింది లేదు, వచ్చింది లేదు. ఆస్పత్రికి చేసిందే మొదటిది," అన్నాడు ఇన్‌స్పెక్టరు. తన మాటే తనకు అడ్డం తగులుతుంటే గొంతు మెల్లగా తగ్గింది. "ఆయన ఈ పనిలో పండినవాడు. తెర చూసి కనిపెట్టి ఉంటారు."

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారైనా అలా కనిపెట్టి రాశాడా? నేను తిప్పిన పేజీల్లో లేదు. నువ్వు కేంద్రానికి ఫోన్ చెయ్యి, ఆయన చేసే నంబరుకే. అందరికీ వినపడేలా పెట్టు."

ఇన్‌స్పెక్టరు ఒకసారి తొలిగొంతు వైపు చూశాడు. ఆవిడ చేతికర్ర పిడిమీద వేళ్ళు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని ప్రశాంతంగా ఉంది. ఆయన నంబరు నొక్కాడు.

డ్యూటీ గదిలో మనిషి హుషారుగా మాట్లాడాడు. "నిన్న పదకొండుదా? అది లైవ్ కాదండీ. లైవ్ అని వేస్తాం, అంతే. మేడమ్‌కి మోకాళ్ళ నొప్పులు కదా, ముందురోజే రికార్డు చేసేశాం. ఎందుకండీ, పెద్దాయన అడుగుతున్నారా? నిన్న ఫోనే చేయలేదు, ఒంట్లో బాగుందా?"

ఇన్‌స్పెక్టరు ఫోన్ పెట్టేశాడు. తొలిగొంతు వైపు తిరిగినప్పుడు అతని చేతులు బెల్టు మీద లేవు.

"ఎవరినీ అడగకుండా, తెరమీది మాట వినకుండా, అది రికార్డింగని పదకొండూ ఏడుకి ఆయనకెలా తెలిసింది?" అంది పిన్ని. "తెరమీద మాట్లాడుతున్న మనిషే ఈ తలుపు తట్టి లోపలికొస్తే తెలియదూ? ఆవిడ వచ్చి కూర్చునేలోపు ఆయన అలవాటు చొప్పున ఆ గడి నింపేశాడు. దీనికి సిరా అక్కర్లేదు, ఫోన్ అక్కర్లేదు. మనిషి ఎదురుగా ఉంది."

"నేనా?" తొలిగొంతు నవ్వింది. "నాకు ఇక్కడ ఏం పనమ్మా?"

"మీ గురించి రాసింది ప్రూఫు దశలో మీకే పంపి సరిచూడమని అడగడం ఈ పుస్తకం ఆనవాయితీ అని ముందుమాటలోనే ఉంది. మొన్న మీకూ వచ్చి ఉంటుంది. వరద సాయంత్రం చదివింది మీరు కాదని అందులో ఉండి ఉంటుంది. దానికి రుజువు ఆ రిజిస్టరు. దాన్ని అడిగారు, ఆయన ఇవ్వనన్నాడు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగారు. ఆయనే పడ్డాడు, ఆనక మీరు నిచ్చెన పడేసి పోయారు. ఆయన్ను కావాలని పడేశారని నేననను."

"అంతా కట్టుకథ." ఆవిడ లేచింది. "ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఊరు నన్ను తొలిగొంతు అంటోంది. నేను కాకపోతే మరి ఎవరమ్మా? ఒక్క పేరు చెప్పండి! నాలుగు గంటలసేపు దిక్కూమొక్కూ లేని ఊరికి దారి చెప్పిన మనిషి ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చుంటుందా?"

పిన్ని పుస్తకాల మీదికి వంగి మళ్ళీ వేలు పెట్టింది, ఈసారి ఇంకా నెమ్మదిగా.

"ఇక్కడ ఇంకో ముక్క ఉంది. ఎనిమిదీ పన్నెండుకి ఇరవై సెకన్లు గొంతు ఆగిపోయిందట. ఎందుకాగారు మేడమ్?"

"అందులోనే ఉందిగా. సాంకేతిక అంతరాయం."

"అంతరాయం కాదు," అంది ప్రూఫులమ్మ.

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు, గొంతు పెంచలేదు. కానీ ఆ మాట గదిలో ఈ మూలనుంచి ఆ మూలకి స్పష్టంగా పోయింది.

"మునిగిన వీధుల పేర్లు చిన్న చిన్న చీటీల మీద రాసి తెచ్చి ఇస్తున్నారు. నేను టైపు చేసే పిల్లని. నాకు మైకు ముందు కూర్చునే హక్కు లేదు. ఈవిడ వంతెన అవతల చిక్కుకున్నారు, రాలేదు. డ్యూటీ ఇంజనీరు నన్ను కూర్చోబెట్టాడు. ఆ ఇంజనీరే పెద్దాయన. బయటికి తెలిస్తే ఆయన ఉద్యోగం పోయేది. చెప్పనని మాటిచ్చాను. రిజిస్టర్లో నిజం రాసుకున్నారు, పుస్తకంలో పత్రికలో ఉన్నది వేశారు. ఇప్పుడు దిద్దుతానన్నారు. వద్దన్నాను. ఇన్నేళ్ళ తర్వాత నా పేరెందుకు అన్నాను. నిన్న మెట్ల మీద కూర్చుని అదే ఆలోచించాను, ఒప్పుకోనా వద్దా అని. ఆ కూర్చోకపోతే ఆయన్ను ముందే చూసేదాన్ని."

"ఆ ఇరవై సెకన్లు?" పిన్ని మెల్లగా అడిగింది.

"ఎనిమిదీ పన్నెండుకి వచ్చిన చీటీలో మా వీధి పేరుంది. ఇంట్లో మా అమ్మా, మా చెల్లెలూ ఉన్నారు." ఎర్రసిరా మరకున్న వేలిని రెండో చేత్తో మూసుకుంది. "చదివాను. తర్వాతి చీటీ తీసుకున్నాను."

తొలిగొంతు కర్ర వదిలేసి కుర్చీలో కూలబడింది. మళ్ళీ నోరు విప్పినప్పుడు ఆ నున్నటి గొంతు లేదు.

"వంతెన అవతల ఒకళ్ళ మిద్దెమీద పాతికమందిమి ఉన్నాం. కింది గదిలో టీవీ, మెట్లమీదిదాకా వినపడుతోంది. ఆ గొంతు ఆగింది. అందరం ఏడవడం మొదలుపెట్టాం, ఇంక మనకి దిక్కులేదని. మళ్ళీ మొదలైంది. ఆ గొంతు చెప్పిన దారినే నేనూ నడిచి బయటపడ్డాను." ఆవిడ మొదటిసారి ప్రూఫులమ్మ ముఖంలోకి చూసింది. "తెల్లారి అందరూ నాకే దండాలు పెట్టారు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇన్‌స్పెక్టరుగారూ, రిజిస్టరు నా కారు వెనకసీట్లో ఉంది. చింపలేకపోయాను."